పార్శ్వ విభాజ్య కణజాలాలన్నీ ద్వితీయమైనవేనా? మా కొబ్బరి చెట్టుకు ఈ లెక్క ఎలా వర్తిస్తుంది?

ముక్కామల_తోట
మా అమ్మాయి ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం బైపీసీ చదువుతోంది. నిన్న రాత్రి విభాజ్య కణజాలాల పాఠం ముందేసుకుని నన్నొక ప్రశ్న అడిగింది. ఆమె పుస్తకంలో ఒక పేజీలో అగ్ర, మధ్యస్థ, పార్శ్వ అని మూడు రకాలున్నాయి. తరువాతి పేజీలో ప్రాథమిక, ద్వితీయ అని రెండు రకాలున్నాయి. ఈ రెండు జాబితాలకూ ఉన్న సంబంధం ఏమిటో ఎక్కడా రాయలేదు. పైగా కోచింగువారు ఇచ్చిన బిట్ల కాగితంలో "పార్శ్వ విభాజ్య కణజాలాలన్నీ ద్వితీయమైనవే" అనే వాక్యానికి "ఒప్పు" అని జవాబు ఉంటే, కళాశాలలో అధ్యాపకురాలు అది తప్పన్నారట. పిల్ల ఎవరి మాట నమ్మాలి?

రెండో సందేహం నాది. మా నాన్నగారు నాటిన కొబ్బరి చెట్లు ఎత్తు పెరగడం చూశాను గానీ, మాను లావెక్కడం ఎప్పుడూ చూడలేదు. పక్కనున్న మామిడి మాత్రం నా చిన్నప్పుడు రెండు చేతులతో చుట్టగలిగినంత ఉండేది, ఇప్పుడు ఇద్దరు కలిసి పట్టుకోవాలి. లావు పెంచేది పార్శ్వ విభాజ్య కణజాలమే అయితే కొబ్బరికి అది లేదా? లేకపోతే ఆ మాను మొదట అంత లావు ఎలా అయింది?

వృక్షశాస్త్రం_మాస్టారు
అధ్యాపకురాలు చెప్పిందే సరైనది. ఈ చిక్కు నేను పాఠం చెప్పిన రోజుల నుంచీ ఉంది కనుక కొంచెం వివరంగా రాస్తాను.

మొక్క శరీరంలో విభజన చెందుతూ కొత్త కణాలనిచ్చే కణజాలాన్ని ఒకవైపు, విభజన మానేసి ఒక పనికి స్థిరపడిపోయిన కణజాలాన్ని మరొకవైపు వేరుచేసి, మొదటిదానికి 1858లో కార్ల్ నేగెలి "మెరిస్టెమ్" అని పేరు పెట్టాడు. విభజించదగినది అనే అర్థమిచ్చే గ్రీకు మాట నుంచి అది వచ్చింది. మన "విభాజ్యం" ఆ అర్థాన్ని సరిగ్గా పట్టుకున్న మాట.

ఇక వర్గీకరణ. మీ అమ్మాయి చూసిన రెండు జాబితాలు రెండు వేరువేరు ప్రశ్నలకు జవాబులు. "ఈ కణజాలం మొక్కలో ఎక్కడుంది?" అని అడిగితే అగ్రం (కొసన ఉన్నది), మధ్యస్థం (నడుమ మిగిలినది), పార్శ్వం (పక్కల వెంట ఉన్నది) అని చెబుతాం. "ఇది ఎక్కడి నుంచి పుట్టింది?" అని అడిగితే, పిండ దశ నుంచి విభజన ఆపకుండా వచ్చినదాన్ని ప్రాథమికమనీ, ఒకసారి స్థిరపడిన కణాలు మళ్ళీ విభజనశక్తిని పొందడం వల్ల ఏర్పడినదాన్ని ద్వితీయమనీ అంటాం. ఒక మనిషిని మీది ఏ ఊరని అడిగితే ఒక జవాబు, మీ ఇంటిపేరేమిటని అడిగితే మరొక జవాబు వస్తాయి. ఆ రెండింటినీ ఒకే వరుసలో కలిపి లెక్కపెట్టం గదా.

ఇప్పుడు బిట్టు సంగతి. మామిడి లేతకొమ్మను అడ్డంగా కోస్తే నాళికాపుంజాలు, అంటే నీటినీ ఆహారాన్నీ మోసే గొట్టాల కట్టలు, వలయంగా అమరి ఉంటాయి. ఒక్కొక్క పుంజంలో దారువుకూ (నీటిని మోసేది) పోషక కణజాలానికీ (ఆహారాన్ని మోసేది) మధ్య సన్నని విభాజ్య కణావళి ఉంటుంది. అది మొదటి నుంచీ విభజన మానని కణాల నుంచే మిగిలింది కనుక పుట్టుకను బట్టి ప్రాథమికం. కాండం పక్కలకు సమాంతరంగా ఉండి లావును పెంచుతుంది కనుక చోటును బట్టి పార్శ్వం. ఆ తరువాత రెండు పుంజాల నడుమ ఉన్న మృదుకణాలు మళ్ళీ విభజన మొదలుపెట్టి, ఈ ముక్కలన్నిటినీ కలిపి ఒక పూర్తి వలయంగా చేస్తాయి. ఆ నడిమి భాగం ద్వితీయం. బెరడు కింద బెండును తయారుచేసే కణావళి కూడా ద్వితీయమే. అంటే పార్శ్వమై ఉండి ద్వితీయం కానిది ఒకటి స్పష్టంగా ఉంది. "అన్నీ" అన్న ఒక్క మాట వల్ల ఆ వాక్యం తప్పయింది.

భీమవరం_బైపీసీ
మాస్టారు చెప్పింది అర్థమైంది, కాని పరీక్ష రాసేవాళ్ళ ఇబ్బంది వేరు. జాతీయ స్థాయి పదకొండో తరగతి పుస్తకంలో "ద్వితీయ లేదా పార్శ్వ విభాజ్య కణజాలం" అని రెండు మాటలనూ ఒకే అర్థంలో వాడారు. పుంజం లోపలి కణావళిని కూడా అక్కడే ఉదాహరణగా ఇచ్చారు. ప్రవేశ పరీక్ష ఆ పుస్తకాన్ని బట్టే ఉంటుంది. నేను ఒప్పు అనే పెడతాను.

వృక్షశాస్త్రం_మాస్టారు
ప్రవేశ పరీక్షలో ఆ పుస్తకంలోని వాక్యం యథాతథంగా వస్తే దాని ప్రకారమే పెట్టండి, నేను కాదనను. అయితే ఆ పుస్తకం అలా రాయడానికి కారణం తెలుసుకుని పెట్టండి. అక్కడ "ద్వితీయం" అన్న మాటను ద్వితీయ వృద్ధిని, అంటే లావెక్కడాన్ని, కలిగించేది, మొక్క జీవితంలో ఆలస్యంగా పనిలోకి దిగేది అన్న అర్థంలో వాడారు. నేను పైన వాడింది పుట్టుకను బట్టి. ఒకే మాటకు రెండు అర్థాలు ఉండటమే ఈ గొడవకంతటికీ మూలం.

తణుకు_సూక్ష్మదర్శిని
మాస్టారు గారికి ఒక చేర్పు. ద్విదళబీజ (గింజలో రెండు బీజదళాలున్న, మామిడి వంటి) మొక్క వేరులో నాళికా విభాజ్య కణావళి పూర్తిగా ద్వితీయ మూలం కలదని అదే పుస్తకం రాసింది. ఆ మాటను అందరూ ఒప్పుకోరు. పోషక కణజాలం లోపలి అంచున ఉండే కణాలు తొలి నుంచీ విభాజ్యంగానే మిగిలి ఉంటాయనీ, దారువు కొనల ఎదుట పరిచక్రం (నాళికల చుట్టూ ఉండే పొర) నుంచి వచ్చిన భాగం వాటితో తరువాత కలుస్తుందనీ శరీరనిర్మాణ శాస్త్రజ్ఞులు చెబుతారు. కాబట్టి వేరులో కూడా ఈ గీత పుస్తకం గీసినంత నిటారుగా లేదు.

మరొక సంగతి. విభాజ్య కణాలు చిన్నవి, పలుచని గోడలవి, చిక్కని జీవపదార్థంతో నిండినవి, పెద్ద కేంద్రకం కలవి, రిక్తికలు (కణం లోపలి ద్రవపు సంచులు) దాదాపు లేనివి అని మనం కంఠస్థం చేస్తాం. ఇది అగ్రంలోని కణాలకు సరిపోతుంది. నాళికా విభాజ్య కణావళిలోని కణాలు పొడవుగా, రెండు కొనలూ సన్నగా, లోపల పెద్ద రిక్తికతో ఉంటాయి. నేను మొదటిసారి వాటిని కటకం కింద చూసినప్పుడు పుస్తకంలోని లక్షణాలు ఒక్కటీ కలవక, తప్పు కణాన్ని చూస్తున్నానేమో అనుకున్నాను.

కడియం_అంట్లు
పుస్తకాలు నేను ఎక్కువ చదవలేదు, కాని మాస్టారు చెప్పిన ఆ సన్నని పొరను రోజూ చేత్తో ముడతాను కనుక రాస్తున్నాను. మా నర్సరీలో గూటీ కట్టేటప్పుడు, అంటే చెట్టు మీదే కొమ్మకు వేర్లు పుట్టించేటప్పుడు, కొమ్మ చుట్టూ అంగుళం వెడల్పున బెరడును వలయంగా తీసేస్తాం. బెరడు ఊడి వచ్చిన చోట కర్ర మీద జారుడుగా, తడిగా ఒక పొర తగులుతుంది. కొత్తగా పనిలో చేరిన కుర్రవాళ్ళు ఆ జారుడు పొరను గీకకుండానే నాచు చుట్టి కట్టేస్తారు. కొన్ని వారాల తరువాత విప్పి చూస్తే వేరు రాలేదు సరికదా, తీసేసిన చోట బెరడు మళ్ళీ అతుక్కుపోయి ఉంటుంది. కత్తి వెనుక అంచుతో ఆ పొరను పూర్తిగా గీకినప్పుడే పైనుంచి దిగే ఆహారం ఆ గాటు దగ్గర నిలిచి వేర్లు పుడతాయి.

మామిడి అంటు కట్టేటప్పుడు దీనికి సరిగ్గా తిరగేసిన పని చేస్తాం. అక్కడ ఆ పొరను కాపాడాలి. అడుగు మొక్క పొర, పై కొమ్మ పొర కనీసం ఒక పక్కనైనా ఒకదానికొకటి ఆనాలి. కొమ్మ సన్నగా ఉండి అడుగు మొక్క లావుగా ఉంటే నడిమధ్య పెట్టకూడదు, ఒక అంచుకు జరిపి కట్టాలి. ఇది మా పెద్దవాళ్ళు కణావళి అనే పేరు వినకుండానే నేర్పిన పద్ధతి.

అంబాజీపేట_దింపు
ముక్కామల గారి రెండో ప్రశ్నకు ఎవరూ రాలేదు కనుక నేను వస్తాను. కొబ్బరి ఏకదళబీజ మొక్క, అంటే గింజలో ఒకే బీజదళం ఉన్నది. దాని నాళికాపుంజాలు మాను అంతటా చెల్లాచెదురుగా ఉంటాయి, వాటిలో దారువుకూ పోషక కణజాలానికీ మధ్య విభాజ్య కణావళి ఉండదు. అందువల్ల మామిడి లావెక్కినట్టు లావెక్కదు. మరి ఆ లావు ఎక్కడిదంటే, మొవ్వు అడుగున, అగ్ర కణజాలానికి కొంచెం కింద, ప్రాథమిక స్థూలీకరణ విభాజ్య కణజాలం అనేది ఒకటి ఉంటుంది. మొక్క నాటిన మొదటి సంవత్సరాలలో అది అడ్డంగా పనిచేసి బొడ్డెను తయారుచేస్తుంది. ఆ కొలత కుదిరిన తరువాతే మాను పైకి లేవడం మొదలవుతుంది. ఒకసారి పైకి లేచిన మాను ఇక లావెక్కదు. నీళ్ళూ ఎరువూ బాగా అందిన సంవత్సరాలలో పెరిగిన భాగం లావుగా, కరువు పడిన సంవత్సరాలలో పెరిగిన భాగం సన్నగా ఉండిపోతాయి. మా తోటలో ఒక చెట్టు నడుము దగ్గర సన్నబడి మళ్ళీ పైన లావైంది. అది ఆ చెట్టు చరిత్ర.

ఇదే కారణంగా కొబ్బరి మానుకు గాయం మానదు. ఎక్కడానికి వీలుగా మెట్లు కొట్టిన చెట్లను చూడండి, యాభై ఏళ్ళ తరువాత కూడా ఆ గంటు అలాగే ఉంటుంది. మామిడికి గంటు పెడితే అంచుల నుంచి కొత్త కణజాలం వచ్చి మూసుకుంటుంది.

గౌతమీ_గట్టు
దింపు గారు మొవ్వు సంగతి ఇంకా చెప్పాల్సింది. 1996 నవంబరు 6 తుఫాను తరువాత మా లంకలో చెట్లు చూసినవాళ్ళకు అగ్ర విభాజ్య కణజాలం అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. తల విరిగిన చెట్టు ఒక్కటీ బతకలేదు, మాను నిలువునా ఉన్నా సరే. వేర్లు పూర్తిగా తెగకుండా ఒరిగిపోయిన చెట్లు మాత్రం కొన్ని బతికాయి. వాటి మాను నేటికీ ఒరిగే ఉంది, తల మాత్రం నిటారుగా పైకి తిరిగింది. అప్పటికే ముదిరిన భాగం వంపు మారలేదు, కొత్తగా పుట్టిన భాగం ఆకాశం వైపు వెళ్ళింది. మా ఇంటి వెనుక ఉన్న చెట్టు వంపును చూసి, ఎంతవరకూ తుఫానుకు ముందరిదో మా పిల్లలకు వేలుతో చూపిస్తాను.

అంబాజీపేట_దింపు
నిజం. మామిడికి, జామకు తల నరికితే కింది కణుపుల్లోని మొగ్గలు లేస్తాయి. కొబ్బరికి ఆ పక్కమొగ్గలన్నీ గెలలుగా మారిపోతాయి, కొమ్మగా లేవవు. అందుకే కొమ్ము పురుగు మొవ్వులో దూరినా, మొవ్వుకుళ్ళు తెగులు తగిలినా మేము అంత భయపడతాం. మట్టలు ఎన్ని తెగినా చెట్టు తట్టుకుంటుంది, ఏడాదికి పన్నెండు పద్నాలుగు కొత్త ఆకులు వస్తాయి. ఆ ఆకులనిచ్చే చోటు ఒక్కటే.

మార్టేరు_పొలం
అగ్రం, పార్శ్వం గురించే అందరూ రాస్తున్నారు, డెల్టా బతుకంతా మధ్యస్థం మీద ఉంది. వరి దుబ్బు చేసే దశలో అసలు కాండం అంగుళం కూడా ఉండదు, పైకి కనిపించేదంతా ఆకుల తొడుగులే. పెరిగే కొన నేలకు ఆనుకుని ఉంటుంది. అందుకే గొడ్డు నోరు పెట్టినా చేను మళ్ళీ లేస్తుంది. అంకురం ఏర్పడే దశలో ఆ కొన ఆకులనివ్వడం మానేసి వెన్నుగా మారుతుంది. అప్పటి నుంచి కణుపుల మధ్య భాగాలు సాగడం మొదలవుతుంది. ఆ సాగుదల ప్రతి కణుపు నడిమి అడుగునా ఉన్న మధ్యస్థ విభాజ్య కణజాలం పని. చిట్టచివరి కణుపు నడిమి సాగితేనే వెన్ను పొట్ట నుంచి బయటపడుతుంది. సంకర విత్తనం పండించే మళ్ళలో ఆడ వరుసల వెన్ను పూర్తిగా బయటికి రాదు కనుక జిబ్బరెల్లిక్ ఆమ్లం అనే పెరుగుదల హార్మోను చల్లుతారు. ఆ మందు పనిచేసేది ఈ చోటనే.

ఉల్లికోడు కూడా ఇక్కడ చెప్పాలి. ఆ పురుగు పిల్ల తొడుగుల సందున దిగి పెరిగే కొన దగ్గర చేరుతుంది. దాని దెబ్బకు ఆకు తొడుగు గొట్టంలా, ఉల్లికాడలా బయటికి వస్తుంది. ఆ పిలకకు ఇక వెన్ను రాదు. కాండం తొలిచే పురుగు మొదట్లో వస్తే మొవ్వు చచ్చిపోతుంది, చివర్లో వస్తే తెల్లకంకి వస్తుంది. పురుగు ఏ దశలో ఏ కణజాలాన్ని కొట్టిందో రైతుకు చేను రంగులోనే తెలుస్తుంది.

భీమవరం_బైపీసీ
మధ్యస్థం ప్రాథమికమా, ద్వితీయమా? మా నోట్సులో లేదు.

వృక్షశాస్త్రం_మాస్టారు
ప్రాథమికం. అగ్రం పైకి వెళ్ళిపోతూ వెనుక వదిలిన ముక్క అది. చుట్టూ ఉన్న కణాలు స్థిరపడిపోయినా ఆ ముక్క కొంతకాలం విభజనను నిలుపుకుంటుంది. ఆ కాలం అయిపోగానే అది కూడా పూర్తిగా స్థిర కణజాలంగా మారిపోతుంది. అందుకే కోతకు వచ్చిన వరి దుబ్బులో దాన్ని వెతికితే దొరకదు. గడ్డిజాతిలో కణుపు నడిమి అడుగున, ఆకు అడుగున ఇది ఉంటుంది.

రావులపాలెం_గెల
ఆకు అడుగు అన్న మాటకు అరటిని మించిన సాక్ష్యం లేదు. గెల వేయని అరటిని అడ్డంగా నరికి గంట ఆగి చూడండి. బయటి పొరలు నరికిన చోటే ఉంటాయి, నడుమ చుట్టుకుని ఉన్న లేత ఆకు పైకి లేచి ఉంటుంది. మరునాటికి జానెడు దాకా వస్తుంది. పెరుగుదల పైనుంచి కాదు, కిందినుంచి నెట్టుతోందని కంటితో చూసినట్టే. మనం మాను అనుకునేది ఆకు తొడుగుల దొంతర. అసలు పెరిగే కొన నేలమట్టంలో దుంప మీద ఉంటుంది. అందుకే అనవసరమైన పిలకలను పైపైన కోస్తే మళ్ళీ మళ్ళీ లేస్తాయి. నడిబొడ్డును గునపంతో తవ్వి తీయాలి, లేదా కోసిన చోట నాలుగు చుక్కల కిరసనాయిలు పోయాలి.

ఇందులో నాకు ఒక తగువు కూడా ఉంది. కిందటిసారి నాకు మొక్కలు అమ్మినవారు "కణజాల వర్ధనం (టిష్యూ కల్చర్) మొక్క కనుక వైరస్ రాదు" అని చెప్పారు. తోటలో కొన్నిటికి బంచీటాప్ అనే వైరస్ తెగులు కనిపించింది. అది అబద్ధమా, నా దురదృష్టమా?

తణుకు_సూక్ష్మదర్శిని
ఆ మాట సగమే నిజం. 1952లో ఫ్రాన్సులో మోరెల్, మార్టిన్ అనే ఇద్దరు, వైరస్ సోకిన డాలియా మొక్కల అగ్ర విభాజ్య కణజాలాన్ని మాత్రం వేరుచేసి పెంచి, వైరస్ లేని మొక్కలను తీశారు. అగ్రం చిట్టచివరి భాగానికి నాళికలు ఇంకా చేరి ఉండవు కనుక వైరస్ అక్కడికి సులువుగా వెళ్ళలేదు. అయితే ఇది మిల్లీమీటరులో కొన్ని పదోవంతుల ముక్కను తీసినప్పటి మాట. వాణిజ్యంగా అరటి మొక్కలు తయారుచేసేచోట్ల మామూలుగా అంతకంటె పెద్ద ముక్కనే తీస్తారు, అందులో నాళికలు ఉంటాయి. తల్లి పిలకకు వైరస్ పరీక్ష చేయకపోతే ఒక్క జబ్బు పిలక నుంచి వేల జబ్బు మొక్కలు తయారవుతాయి. ఒకవేళ మొక్క శుభ్రంగా వచ్చినా, తోటలో పేనుబంక ద్వారా మళ్ళీ సోకవచ్చు. కొనేటప్పుడు తల్లిమొక్క పరీక్ష పత్రం అడగండి, ఆకును బట్టి నమ్మవద్దు.

పాలకొల్లు_వంటిల్లు
అందరూ అరటి గురించి రాస్తున్నారు కనుక ఒక సందేహం. మేము కూర వండే అరటి దవ్వ, మా అబ్బాయి పుస్తకంలో కాండం మధ్య చూపించిన "దవ్వ" ఒకటేనా?

వృక్షశాస్త్రం_మాస్టారు
చక్కని ప్రశ్నమ్మా. ఒకటి కాదు. పుస్తకంలోని దవ్వ కాండం నడుమ ఉండే మృదుకణజాలం. మీరు కూర వండేది తొడుగుల దొంతర లోపల నుంచి పైకి వచ్చిన అసలు కాండమే, దాని చివరనే గెల ఉంటుంది. అది నాళికాపుంజాలతో సహా ఉన్న పూర్తి కాండం. మీరు తరిగేటప్పుడు వేలికి చుట్టి తీసే నారలో నాళికలు ఉన్నాయి. వంటింటి మాటను పుస్తకంవాళ్ళు అరువు తెచ్చుకున్నారు, అర్థం కొంచెం మారింది.

నరసాపురం_మొగలి
వేరు అగ్రాన్ని ఎవరూ పట్టించుకోలేదు. కాండంలో విభాజ్య కణజాలం కొసన ఉంటే, వేరులో అది కొసకు కొంచెం వెనుక, వేరు తొడుగు కింద ఉంటుంది. మట్టిలోకి తోసుకుపోయేటప్పుడు అరిగిపోయేది తొడుగు. దాన్ని లోపలి నుంచి మళ్ళీ మళ్ళీ నింపేది ఈ విభాజ్య కణజాలమే. సూక్ష్మదర్శిని లేకుండా చూడాలంటే కాలువగట్టు మీద మొగలి పొదకు వేలాడే ఊడల కొనలు చూపించండి. బొటనవేలంత తొడుగు పొరలుపొరలుగా కనిపిస్తుంది.

కడియం_అంట్లు
దింపు గారు ఏకదళబీజాలకు లావు పెరగడం లేదన్నారు. మా దగ్గర డ్రసీనా మొక్కలు పెద్ద తొట్లలో ఏళ్ళ తరబడి ఉన్నవి ఉన్నాయి, వాటి కాండం కచ్చితంగా లావెక్కింది. అదీ ఏకదళబీజమేగా? ఇంకో సంగతి, ఏకదళబీజానికి అంటు కట్టడం అసాధ్యమని మాకు శిక్షణలో చెప్పారు. అది ఇప్పటికీ నిజమేనా?

తణుకు_సూక్ష్మదర్శిని
మీరు చూసింది నిజమే. డ్రసీనా, యక్కా వంటి కొన్ని ఏకదళబీజాలలో నాళికాపుంజాల వెలుపల ఒక ప్రత్యేకమైన పార్శ్వ విభాజ్య కణజాలం ఏర్పడి, లోపలి వైపుకు కొత్త పుంజాలను మొత్తంగా చేరుస్తుంది. మామిడిలో లాగా లోపల దారువు, బయట పోషక కణజాలం వేయదు. కొబ్బరిలో అది లేదు. అంటు విషయంలో, కేంబ్రిడ్జి పరిశోధకులు 2022లో గోధుమ వంటి ఏకదళబీజాలకు విత్తనంలోని పిండ దశలోనే, వేరూ కాండమూ కలిసే చోట అంటు కట్టి చూపించారు. పెద్దమొక్కకు కట్టలేకపోవడం నిజమే, అసాధ్యం అన్నది మాత్రం ఇక నిలవదు.

గౌతమీ_గట్టు
కాగితపు పూల చెట్టు కాండం కోస్తే మామూలు వలయాలకు బదులు చెక్కలో పుంజాలు చుక్కల్లా కనిపిస్తాయి. అది కూడా ఇలాంటిదేనా?

వృక్షశాస్త్రం_మాస్టారు
అది ద్విదళబీజమే, కాని అసంగత ద్వితీయ వృద్ధి, అంటే మామూలుకు భిన్నంగా లావెక్కడం, ఉన్న మొక్క. ఒకదాని తరువాత ఒకటిగా బయట కొత్త కణావళులు పుడతాయి. కడియంలో కొమ్మలు కత్తిరించే రోజున నాలుగు ముక్కలు అడిగి తెచ్చుకుంటే పిల్లలకు మంచి పాఠం.

ముక్కామల_తోట
ఇదంతా అమ్మాయికి చదివి వినిపించాను. పొద్దున్నే పెరట్లో ఒక అరటి పిలకను నరికి, మధ్యాహ్నానికి లేచిన భాగాన్ని స్కేలుతో కొలిచింది. తరువాత కాగితం మీద అడ్డంగా "ఎక్కడుంది", "ఎక్కడి నుంచి పుట్టింది", "ఏం చేస్తుంది" అని మూడు గడులు గీసి మామిడి, వరి, అరటి, మొగలి వేరు నింపింది. మామిడికి రెండు వరుసలు పెట్టింది, పుంజం లోపలిది ఒకటి, పుంజాల నడిమిది ఒకటి. కొబ్బరి బొడ్డె దగ్గర ఆగిపోయింది. పుట్టుక గడిలో ప్రాథమికమనీ, పని గడిలో లావు పెంచడమనీ రాసింది. మొదటి గడిలో పార్శ్వమని రాయమంటారా, అగ్రమని రాయమంటారా?

వృక్షశాస్త్రం_మాస్టారు
రెండూ వద్దు. ఆ మూడు మాటల్లో ఏదీ దానికి పూర్తిగా అతకదు. "మొవ్వు అడుగున" అని తెలుగులో రాయించండి, అధ్యాపకురాలికి చూపించమనండి.